‘రైస్’ – ‘వరి’ – ‘వ్రీహి’: శబ్దబంధుత్వ విమర్శనము

విశాఖపట్టణమునందలి భోజనశాలలలో వడ్డించువాఁడు పంక్తిలోనివారిని ‘రైస్ వేయమందురా’ యని యడుగును. రేవులోఁ బనిచేయువారు, ఉక్కుకర్మాగారమునఁ బనిచేయువారు, నానాదేశములనుండి వచ్చి యా పట్టణమునఁ గాపురమున్నవారు, అందఱకును దెలియు మాట యది. తెలుఁగువాఁడు తెలుఁగువానినే యడిగినను తఱచుగా నా మాటయే వచ్చును. బజారులోని పలకలపైఁ గర్డ్ రైస్, లెమన్ రైస్, ఫ్రైడ్ రైస్ అను పేళ్లు గనఁబడును. దద్ధ్యోదనము దేవాలయములకును, చిత్రాన్నము పెద్దల నోళ్లకును మిగిలినవి.

ఇట్లు పరభాషాపదము వాడుకయందుఁ బెరుగుట చూచి కొందఱు వగచుచుండఁగా, మఱికొందఱు దానికొక యూఱట చెప్పుచుందురు. ఆంగ్లేయుల ‘రైస్’ మన ‘వరి’యే, ఆదివకారము జాఱి, కొసను సకారము చేరి, సముద్రములు దాఁటి పోయి తిరిగివచ్చినది, మన సొమ్మే మన చేతికి వచ్చినప్పుడు పరకీయమని యేల రోయవలయునని వారి వాదము. తమిళులలోఁ గొందఱు దానిని తమ ‘అరిసి’ యందురు. సంస్కృతాభిమానులు ‘వ్రీహి’ యందురు. ముగ్గురును ఒక్క సొమ్మునకే హక్కు చెప్పుచున్నారు. ఈ మూఁడు వాదములును గుణదోషవిచారమునకుఁ దగినవి. ఇందు ధాన్యము పేరితోపాటు, శబ్దములకు బంధుత్వము నిర్ణయించు పద్ధతి యెట్టిదో యదియుఁ దేలవలసియున్నది.

మొదట నొక భేదమును మనసునఁ బెట్టుకొనవలయును. శబ్దమునకు వ్యుత్పత్తి వేఱు, చరిత్రము వేఱు. వ్యుత్పత్తి యనఁగా నొక భాషలోపల ధాతుప్రత్యయములను విడఁదీసి రూపముయొక్క సాధుత్వమును జూపుట. చరిత్రమనఁగా నా శబ్దము ఏ నోటినుండి యే నోటికి, ఏ కాలమున, ఏ త్రోవను బోయినదో చూపుట. పాణిని తృతీయాధ్యాయమున నీవారశబ్దమును సాధించినాఁడు. ‘ని’ యను నుపసర్గము ముందున్న వృ ధాతువునకు ధాన్యార్థమున ఘఞ్ ప్రత్యయము వచ్చును. ఉపసర్గమునకు దీర్ఘము మఱియొక సూత్రముచేఁ గలుగును. దీనివలన నా భాషలో ‘నీవారము’ సాధుశబ్దమని తేలినది. ఆ యడవిధాన్యమునకు మొట్టమొదటఁ బేరు పెట్టినవారు వృ ధాతువును దలఁచియే పెట్టిరని తేలలేదు; తేల్చుట పాణిని యుద్దేశమును గాదు. వ్యుత్పత్తిని జరిత్రమని భ్రమించుట యిట్టి వాదములందుఁ బ్రథమదోషము. చెవికి వినవచ్చిన పోలికను బంధుత్వమని యెంచుట రెండవ దోషము. వర్ణసామ్యమున్నచోట దానికొక నియమముండవలయును. నియమముతోఁ గూడఁ గాలమును మార్గమును సరిపడవలయును. ఈ మూఁటిలో నొకటి చెడినను బంధుత్వము నిలువదు.

ఇఁక ‘రైస్’ శబ్దమును దాని స్వగృహమునుండి వెనుకకు నడిపింతము. ఆంగ్లభాషలో నది 13వ శతాబ్దినాఁటికే ‘రీస్’ అను రూపమునఁ గనఁబడుచున్నది. ఆంగ్లేయులకది ప్రాచీన ఫ్రెంచిభాషనుండి వచ్చినది. ఫ్రెంచివారికి ఇటలీవారి ‘రీసో’ నుండి వచ్చినది. దాని వెనుక లాటినుభాషలోని ‘ఒరైజా’. దాని వెనుక గ్రీకుభాషలోని ‘ఒరుజా’. అరబ్బులు ‘రుజ్’ అనిరి. దానినుండియే స్పెయినువారికిఁ బోర్చుగీసువారికి ‘అర్రోజ్’ కలిగినది. ఇంతవఱకు వివాదము లేదు. యూరోపుఖండమునఁ బశ్చిమమున నున్న యీ పేళ్లన్నియు గ్రీకుశబ్దమువద్దకు వచ్చి కలియును. గ్రీకుశబ్ద మెక్కడిది యనుటయే ప్రశ్నము.

గ్రీకుల వృక్షశాస్త్రకారుఁడైన థియోఫ్రాస్టసు, క్రీస్తునకుఁ బూర్వము నాలవ శతాబ్దివాఁడు, భారతదేశపుఁ బంటలనుగూర్చి వ్రాయుచు నీ ధాన్యమును బేర్కొనినాఁడు. అలెగ్జాండరుతోఁగూడ వచ్చిన అరిస్టొబూలసు నీటిమడులలో నీ పైరు పెరుఁగు తీరును వర్ణించినట్లు స్ట్రాబో చెప్పుచున్నాఁడు. అంతకుఁ బూర్వమే, క్రీ. పూ. 406లోఁ గాలధర్మము నొందిన నాటకకర్త సోఫోక్లీసు ‘ఒరింద’ మను నొక రొట్టెను బేర్కొనియున్నాఁడు. అది వరిపిండితోఁ జేసినదో, మఱియొక గింజతోఁ జేసినదో ప్రాచీనులకే సందేహమున్నది. కాఁబట్టి దానిపై నెక్కువ బరువు మోపరాదు. వరిరొట్టెయే యైనచో, ఆ పేరు అలెగ్జాండరు దండయాత్రకు ముందే పారసీకసామ్రాజ్యముమీఁదుగా గ్రీకులకుఁ జేరినదని చెప్పవలయును.

ఇప్పుడు తమిళవాదము. 1856లో ద్రావిడభాషల తులనాత్మకవ్యాకరణమును బ్రకటించిన కాల్డ్వెలు గ్రీకుల ‘ఒరుజా’ తమిళుల ‘అరిసి’ యని యెన్నెను. ఆయన పాండిత్యము సామాన్యమైనది గాదు. ద్రావిడభాషలు సంస్కృతజన్యములు గావని విస్తరించి స్థాపించినవాఁ డాయన. అట్టివాఁడు చెప్పుటచే నీ మాట పెక్కు పుస్తకములకుఁ బ్రాఁకినది. అయినను బైని జెప్పిన మూఁడు పరీక్షలకు నిలుచునా యని చూడవలయును.

వర్ణపరీక్ష: గ్రీకుశబ్దమునకు మొదట ఓష్ఠ్యమైన ‘ఒ’కారమున్నది. తమిళశబ్దమునకు మొదట శుద్ధమైన ‘అ’కార మున్నది. గ్రీకుభాషలో నకారాదిపదములకుఁ గొఱఁత లేదు. ‘అరిసి’ని విన్నవాఁడు ‘ఒరుజా’ యని యేల పలుకవలెను? పదమధ్యముననున్న ఉకారమున కేమి కారణము? అర్థపరీక్ష: ‘అరిసి’ యనఁగాఁ బొట్టు తీసిన గింజ. గ్రీకులు మొదట విన్నది, వ్రాసినది పొలములోని పైరునుగూర్చి. మార్గపరీక్ష: ఆ వార్త సింధునదీప్రాంతము, బాక్ట్రియా, పారసీకముల మీఁదుగా నేలత్రోవను బోయినది. తమిళదేశమునకు యవనుల నౌకలు విశేషముగా వచ్చుట తరువాతికాలపు మాట.

దక్షిణదేశపు మాటలు సముద్రమార్గమున నాంగ్లమునకుఁ బోలేదని దీని భావము గాదు. తప్పక పోయినవి. మన ‘గంజి’కిఁ దోఁబుట్టువైన తమిళుల ‘కంజి’ పోర్చుగీసువారి నోటఁ బడి ‘కాంజీ’ యైనది. ‘కఱి’ యనునది ‘కర్రీ’ యైనది. మలయాళుల ‘మాంగా’ ‘మాంగో’ యైనది. కాని యివన్నియుఁ బోర్చుగీసువారు 1498లో మలయాళతీరమునఁ జేరిన తరువాత నడచినవి. ‘రైస్’ అంతకు రెండువందల యేండ్లకుఁ బైఁగా ముందే యాంగ్లేయుల నోట నున్నది. విశాఖపట్టణమున నాంగ్లేయులు వర్తకశాల పెట్టినది 1682 ప్రాంతమున. నౌకాశ్రయము తెఱవఁబడినది 1933లో. అక్కడి రేవునుండి బియ్యపు మూటలు పోయియుండవచ్చును గాని, ‘రైస్’ అను పేరు పోలేదు. వచ్చిన యాంగ్లేయుఁ డా పేరిని తనతోఁ దెచ్చుకొనియే వచ్చినాఁడు. సముద్రముమీఁద ‘వరి’ పోయి ‘రైస్’ అయి తిరిగివచ్చినదను నూఱట యీ యొక్క కాలగణనచేతనే కూలుచున్నది.

1886లో వెలువడిన యూలు, బర్నెలుల యాంగ్లో-ఇండియను నిఘంటువు ఈ విషయమున నెంతయు జాగ్రత్త చూపినది. అరిసివాదము మనసును లాగునదని యొప్పుకొని, గ్రీకుశబ్దమున కది మూలము గానేరదని తోసివైచి, వక్షునదీప్రాంతమునందో పంచనదమునందో గ్రీకుల కా పేరు దొరకియుండునని నిర్ణయించి, ఆఫ్గనుల పష్తోభాషలోని ‘వ్రిజే’ యను రూపమును సాక్ష్యముగాఁ జూపినది. బర్నెలు దక్షిణదేశమున ధర్మాధికారిగ నుండి, ఐంద్రవ్యాకరణసంప్రదాయముపై గ్రంథము వ్రాసిన విద్వాంసుఁడు. దక్షిణమునం దభిమాన ముండియు నభిమానమును బ్రమాణముగాఁ గొనకపోవుట మెచ్చఁదగినది.

ఇంక సంస్కృతవాదము. వ్రీహిశబ్దము ఋగ్వేదమునఁ గానరాదు. అథర్వవేదమున యవలతోఁగూడఁ గనఁబడును. చమకమున వినవచ్చు ధాన్యముల వరుసలో వ్రీహులు యవలకంటె ముందు చెప్పఁబడినవి. నీవారములును అందే యున్నవి. పాణినికాలమునకు వ్రీహి నిత్యపరిచితము. వ్రీహులు పండు పొలము వ్రైహేయము, శాలులు పండునది శాలేయము. వ్యాకరణము చదువుకొన్న ప్రతివానికి బహువ్రీహి యను సమాసము పేరు తెలియును; విస్తారముగా వ్రీహులు గలవాఁడు బహువ్రీహి. ఆంగ్లవైయాకరణులును ఆ సమాసము నా పేరితోనే వ్యవహరింతురు. కనుక నాంగ్లమున నీ ధాన్యముపేరు రెండుమాఱులు ప్రవేశించినది: ఒకమాఱు వంటయింటిలో ‘రైస్’ రూపమున, రెండవమాఱు వ్యాకరణమున ‘బహువ్రీహి’ రూపమున.

వ్రీహికిని ఒరుజాకును సంబంధ మున్నదా? ఉన్నదనియే చెప్పవలయును, తల్లిబిడ్డల సంబంధ మని చెప్పరాదు. సంస్కృతహకారమునకుఁ బలుచోట్ల నిరానీభాషలలో జకారసదృశధ్వని నియతముగా వచ్చును. సంస్కృతమున ‘హస్త’ మైనది అవెస్తాభాషలో ‘జస్త’. ‘అహమ్’ అనునది ‘అజెమ్’. ఈ నియమమునఁ జూడ ‘వ్రీహి’కి సరియైన యిరానీరూపమున జకారముండవలయును. పష్తోభాష ‘వ్రిజే’, పారసీభాష ‘బిరింజ్’, ఆర్మీనియనుభాష ‘బ్రింజ్’. జకారము కనఁబడుటయే కాక మూఁటిలో రెంటియం దొక యనునాసికము కూడఁ గలదు. గ్రీకుభాషలో వకారము క్రమముగా లోపించుటచే దాని జాడ ‘ఒ’కారమున నిలిచినదనుట సంగతము. కాఁబట్టి గ్రీకులు వినినది సంస్కృతపు ‘వ్రీహి’ గాదు. దాని పొరుగింటనున్న యిరానీరూపము.

ఇక్కడనే సంస్కృతాభిమానులు విచారింపవలసిన మఱియొక విషయమున్నది. యవశబ్దమునకు గ్రీకు, లిథువేనియను మొదలగు దూరభాషలయందు జ్ఞాతులు కలరు. వ్రీహికిఁ గల జ్ఞాతులు ఇరానును, దాని పొరుగును దాఁటి లేరు. పశ్చిమమున నున్నవన్నియు నెరవు తెచ్చుకొన్నవే. ఋగ్వేదమునఁ గానరాకపోవుట, దూరభాషలయందు జ్ఞాతులు లేకపోవుట, ఇరానీరూపములందలి యనునాసికమునకు సంస్కృతధాతువులచే సమాధానము దొరకకపోవుట, ఈ మూఁడును గలిపి చూడ వ్రీహిశబ్దమే సంస్కృతమునకు మఱియొకచోటనుండి వచ్చిన యతిథి యని తోఁచును. దీనివలన సంస్కృతమునకుఁ గొఱఁత లేదు. పంటను దెలిసికొన్నవారు పండించువారియొద్దఁ బేరును దెలిసికొందురు.

ఆ పండించువారెవరు? ఇచటఁ దెలుఁగువారి ‘వరి’ రంగమునకు వచ్చుచున్నది. ‘వరి’ని ‘వ్రీహి’కి వికృతి యనువారు కలరు. వికృతి యైనచోఁ బ్రాకృతముమీఁదుగా రావలయును. పాలీప్రాకృతములందు వ్రీహి ‘వీహి’ యైనది. రేఫము పోయి దీర్ఘము నిలిచినది. దానినుండి తెలుఁగునకు రేఫము నిలిచి దీర్ఘము పోయిన ‘వరి’ యెట్లు వచ్చును? సంస్కృతమునుండియే నేరుగా స్వరభక్తిచే వచ్చినదందురేని, కొసను బూర్తిగాఁ బోయిన ‘హి’కిఁ గారణము చెప్పవలయును. ఇంతకంటె బలమైన సాక్ష్యము మఱియొకటి కలదు. దానిని సంస్కృతకోశములయందును, తమిళకావ్యములయందును వెదకిన దొరకదు. అది కొండలమీఁద నున్నది.

గోండులు ధాన్యమును ‘వంజి’ యందురు. బస్తరు, కోరాపుట్టు ప్రాంతములందలి పర్జీభాషలో ‘వెర్చి’ యున్నది. ద్రావిడభాష మాటలాడు గదబలయొద్ద ‘వర్చి’ యున్నది. ఈ రూపములను ‘వరి’తోఁ జేర్చి చూచినయెడల, ఆదిని ‘వర్’ అనియు, పిదప నొక యనునాసికముతోఁ గూడిన చకార మనియు మూలరూపము కనఁబడును. భాషాతత్త్వవేత్తలు ‘వరించి’ వంటి యొక రూపము నూహించిరి. తెలుఁగువాఁడు దానికొసను బోఁగొట్టుకొని ‘వరి’ని మాత్రము మిగుల్చుకొన్నాఁడు. గోండు రేఫమును బోఁగొట్టుకొని యనునాసికమును మిగుల్చుకొన్నాఁడు. గదబ రేఫమును జకారమును రెంటిని నిలుపుకొన్నాఁడు. ఇరానీ ‘బిరింజ్’ నందలి యనునాసికమునకు సమాధానము చూపవచ్చిన చోటు ఇదియే. వీహినుండి గాని వ్రీహినుండి గాని ‘వంజి’ పుట్టదు. కావున ‘వరి’ వికృతి కాదు. స్వతంత్రముగా నిలిచిన ప్రాచీనపదము.

బర్రో, ఎమెనోలు ద్రావిడవ్యుత్పత్తికోశమును 1961లోఁ బ్రకటించి 1984లో సంస్కరించినప్పుడు ‘అరిసి’ వర్గమును ‘వరి’ వర్గమును వేర్వేఱుగానే నిలిపిరి. తమిళ ‘అరిసి’, మలయాళ ‘అరి’, కన్నడ ‘అక్కి’ యొక కుటుంబము. తెలుఁగు ‘వరి’, గోండి ‘వంజి’ మొదలగునవి మఱియొకటి. అకారమునకు ముందున్న పదాదివకారము దక్షిణభాషలలో నూరక జాఱిపోవుట నియమము గాదు గనుక నీ విభాగము సమంజసము. రెంటి నొకటిగాఁ జేయఁదలఁచినవారు ముందా నియమమును జూపవలయును.

అట్లయిన ‘వరి’యే వ్రీహికి, బిరింజునకు, ఒరుజాకు, తుదకు రైసునకుఁ దల్లి యనవచ్చునా? ఇచటఁ దెలుఁగువాఁడు తన లోభమును దాను అదుపునఁ బెట్టుకొనవలయును. మూలమునందు మన పూర్వులదే యొకరూపమున్నదని తోఁచుట వేఱు. అదియే తక్కినవారందఱకుఁ దల్లి యనుట వేఱు. ద్రావిడులు, ఆర్యులు, ఇరానీయులు, ముగ్గురును మఱియొక జాతివారినుండి యా పేరు నేర్చుకొనియుండవచ్చును. కొండలయందుఁ బూర్వమునుండి ముండాభాషలు మాటలాడువారు నున్నారు. గదబ యను నొక్క కులనామము క్రిందనే ద్రావిడభాష మాటలాడువారును, ముండాభాష మాటలాడువారును గలరు. కనుక వరియు వ్రీహియు జ్ఞాతులనుట యుక్తము. తల్లియెవరో యను తీర్పునకు సాక్ష్యము చాలదు. రైసునకు వరి పినతల్లి వరుస కావచ్చును. కన్నతల్లి యని వ్రాసికొనరాదు.

ఈ విచారమునకుఁ బ్రాణమువంటి సాక్ష్యము దూరదేశమునందు లేదన్నది గమనింపఁదగినది. 1936లో ఒడిస్సా యేర్పడువఱకుఁ గోరాపుట్టు ప్రాంతము విశాఖపట్టణమండలములోనిదే. గదబలున్న సాలూరు సీమ బ్రిటిషువారి కాలమున నా మండలములోనిదై, 2022 నుండి పార్వతీపురము మన్యముజిల్లాలోఁ జేరినది. పట్టణమునఁ గూర్చుండి ‘రైస్’ మూలమును లండనునందును రోమునందును వెదకువారు, ఎగువనున్న సంతలో గదబయొద్ద వడ్లు కొనునప్పుడు వాఁడు వానిని తన యింట నేమని పిలుచునో యడిగియుండినఁ గొంత దూరము గడచియుండెడిది. అట్లడిగిన పండితులు మిక్కిలి కొలఁది. గిడుగు రామమూర్తిపంతులు సవరలతోఁ గలిసి వారి భాషను నేర్చి, 1931లో సవరభాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును బ్రకటించెను. వ్యావహారికభాషావాదమున నాయనతో విభేదించినవారు సయితము ఈ యంశమున నాయనకు ఋణపడియున్నారు. గ్రాంథికమును గాపాడఁదలఁచినవారు కొండభాషలను దక్కువగాఁ జూచినచోఁ దమ శబ్దముల కొసలను దామే పోఁగొట్టుకొందురు.

ఉత్తరసర్కారులయం దుండి వృక్షశాస్త్రపరిశ్రమ చేసిన రాక్సుబరో తన వృక్షగ్రంథమున నీ ప్రాంతపుఁ జెఱువులదగ్గఱ సమృద్ధిగాఁ బెరుగు నొక యడవివరిని వర్ణించి, దానిని దెలుఁగువారు ‘నివ్వరి’ యందురని వ్రాసెను. సాగుచేయు వరికి నదియే మూలమని యాయన యభిప్రాయము. వరిసాగు తొలుతఁ జీనాదేశపు యాంగ్ట్సీనదీప్రాంతమున నారంభమైనదనియు, భారతదేశపు వరిజాతులయందు నిచ్చటి యడవివరి రక్తము కలిసియున్నదనియు నిప్పటి పరిశోధనలు చెప్పుచున్నవి. కనుక రాక్సుబరో మాట పూర్తిగా నిలువకున్నను, పూర్తిగాఁ బోలేదు. ‘నివ్వరి’ శబ్దమున మఱల నా లోభము పొంచియున్నది. నీటివరి నివ్వరి యైనదని చెప్ప మనసగును. సంస్కృతమున ‘నీవారము’ సిద్ధముగ నున్నప్పుడు, ఆ పదమే తెలుఁగువాని నోట ‘వరి’ పోలికచేఁ గొస మాఱి నివ్వరి యైనదనుట యధికయుక్తము. 1965లో శాస్త్రజ్ఞులా యడవివరికి ‘ఒరైజా నివారా’ యని పేరు పెట్టిరి. గ్రీకులమీఁదుగా వచ్చిన శబ్దమును, పాణిని సాధించిన శబ్దమును ఒక్క మొక్క పేరిలోఁ బ్రక్కప్రక్కఁ గూర్చున్నవి.

మూలవిచార మింతటితో నుంచి యర్థమును విచారింతము. ఆంగ్లేయుని ‘రైస్’ పొలములోని పైరునకుఁ జెల్లును. కొట్టులోని గింజకుఁ జెల్లును. కంచములోని మెతుకునకుఁ జెల్లును. అది యాతని దేశమునఁ బండదు. మూటగట్టి వచ్చిన సరుకునకు నొక్క పేరు చాలినది. ఈ దేశములకు వచ్చి పొట్టుతోనున్న గింజను వేఱుగాఁ జెప్పవలసివచ్చినప్పుడు మలయుభాషనుండి ‘ప్యాడీ’ యను మాటను దెచ్చుకొన్నాఁడు. తెలుఁగువానికిఁ బైరు వరి, పొట్టుతోనున్నవి వడ్లు, పొట్టు తీసినవి బియ్యము, విఱిగినవి నూకలు, వండినది యన్నము, మఱునాఁటికి మిగిలినది చద్ది, వార్చినది గంజి, నానఁబెట్టి దంచినవి యటుకులు, వేఁచినవి పేలాలు. బియ్యమునకుఁ బ్రాచీనమైన ‘ప్రాలు’ వాడుకలో నశించినను, పెండ్లినాఁటి తలఁబ్రాలలో మిగిలియున్నది. తినువానికి నొక్క పేరు చాలును. పండించువానికిన్ని పేళ్లు కావలయును.

అయితే ‘అన్నము’ మన పదమనియు, ‘రైస్’ పరపదమనియుఁ దీర్పు చెప్పుటకు ముందు సంస్కృతజ్ఞులు తమ యింటిని దాము చూచుకొనవలయును. ‘అన్నము’ అద ధాతువునకు క్తప్రత్యయము చేర్పఁగా వచ్చినది; తినఁబడినదని యర్థము. సంస్కృతమున నది యాహారమునకెల్లఁ బేరు. వండిన బియ్యమున కోదనము వేఱుగఁ గలదు. తెలుఁగుననుఁ బూర్వము జొన్నన్నము, కొఱ్ఱన్నము, సామన్నము నుండెడివి. కనుకనే ‘వరియన్నము’ అని ప్రత్యేకించి చెప్పవలసివచ్చెడిది. వరి సంపన్నుల భోజనమై, పిమ్మట నందఱ కోరికయై, విశేషణము లేకయే ‘అన్నము’ వరియన్నమునకుఁ బరిమితమైనది. ఆంగ్లమునఁ బూర్వము ఆహారమాత్రమునకుఁ జెల్లిన ‘మీట్’ మాంసమునకుఁ బరిమితమైనట్లే యిదియు.

ఆ ‘అన్నము’ రాకమునుపు తెలుఁగువాఁడు తినినది ‘కూడు’. పల్నాటి జొన్నకూటినిగూర్చి శ్రీనాథుని పేర వినవచ్చు చాటువులయందును, పాతకావ్యములయందును ఆ పదమునకు నైచ్యము లేదు. సంస్కృతపదము పెద్దల పంక్తిలోఁ గూర్చుండఁగాఁ దెలుఁగుపదము పెరటిలోనికిఁ బోయినది. ఇప్పుడది తిట్టునందును, ‘కూడుగుడ్డలు’ అను జంటయందును మాత్రము బ్రదుకుచున్నది. భోజనశాలను ‘పూటకూళ్ల యిల్లు’ అనునాఁడు ఆ పదమునకు గౌరవ ముండెడిది. విజయనగరపుఁ గథ యైన ‘కన్యాశుల్క’ మున గురజాడ యప్పారావు సృష్టించిన పూటకూళ్లమ్మ యా పేరితోనే పదిమందికి నెఱుకపడినది. నేఁడు విశాఖపట్టణమున నట్టి యిల్లు హోటలైనది; కూడు అన్నమైన త్రోవనే యన్నము రైస్ అగుచున్నది. మొదటిమాఱు కూటిని వెనుకకు నెట్టినవారిలోఁ బండితులే ముందున్నవారు. ఆ సంగతి మఱచి, రెండవమార్పున కాంగ్లమును మాత్రము నిందించుట న్యాయము గాదు.

భేదమొకటి యున్నది, దానినిఁ జెప్పక విడువరాదు. ‘అన్నము’ వచ్చినప్పుడు ‘కూడు’ పదమొక్కటి పోయినది గాని, వరి, వడ్లు, బియ్యము, అన్నము అను విభాగము పోలేదు. ‘రైస్’ వచ్చినప్పుడు విభాగమే పోవుచున్నది. అంగడిలో ‘రైస్ బస్తా’, మరలో ‘రైస్ మిల్లు’, కంచములో ‘వైట్ రైస్’. మూఁడు దశలకు నొక్క పేరు. పట్టణపుఁ బిల్లవానికి వడ్లు చూపి యేమని యడిగిన ‘రైసే’ యనినచో, ఆ తప్పు వానిది గాదు. వాని చెవినిఁ బడిన భాషలో నా భేదము లేదు. శబ్దము పరదేశమునుండి వచ్చుట దోషము గాదు. వ్రీహి సంస్కృతమునకట్లే వచ్చినది, రైస్ ఆంగ్లమునకట్లే వచ్చినది. వచ్చిన శబ్దము ఇంటనున్న నాలుగు శబ్దముల పని నేరక, నాలుగింటిని బయటికిఁ బంపుట దోషము.

కాఁబట్టి ‘రైస్ మన వరియే’ యను నూఱట రెండు విధములఁ జెడ్డది. అది చరిత్రమున నసత్యము. రైస్ ఇరానీమార్గమున నేలపైఁ బోయినది, వరి యింటనే యున్నది. రెండవది, అసత్యమైన యా గర్వముతోఁ దృప్తిపడి, సత్యమైన కలిమిని గాపాడుకొనుట మానిపించును. తెలుఁగువానికిఁ జెప్పుకొనఁదగిన కలిమి రెండుచోట్ల నున్నది. ఒకటి, ఆకుమడినుండి కంచమువఱకు గింజ మాఱినప్పుడెల్లఁ బేరు మార్చు వాడుక. రెండవది, ‘వరి’ పోఁగొట్టుకొన్న కొసను ‘వర్చి’, ‘వంజి’ యని దాఁచియుంచిన కొండవారి నోరు. మొదటిదానిని నిలుపుటకు గృహిణులు, కృషీవలులు చాలుదురు. రెండవదానిని, పలుకువారు తగ్గిపోకమునుపే, పండితులు కొండలెక్కి వ్రాసికొనవలయును.